పాట అయ్యేదాకా ఆగిన విప్లవం

ఆ శనివారం పొద్దున్నే రాజగోపాల్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం మూడింటికి సింహాసనం ఎక్కాలి, నాలుగింటికల్లా దిగిపోవాలి. మధ్యలో విప్లవం రావాలి. అంతే.

విన్నిపెగ్ తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో ఆ రోజు ఆయన నాటకం ఉంది. తనే రాసి, తనే బాణీలు కట్టి, తనే రాజు వేషం వేస్తున్న హాస్య సంగీత నాటకం, 'గానపురి మహారాజు'. కథలో పెద్ద చిక్కేమీ లేదు. గానపురిని ఏలే రాజుకు పాట పిచ్చి. దేశంలో తిండి లేక జనం తిరగబడి, కత్తులు పట్టుకుని సభలోకి దూసుకొస్తారు. వాళ్ళు వచ్చినప్పుడల్లా రాజు పాడుతూ ఉంటాడు. పాడేవాణ్ణి మధ్యలో ఆపడం మర్యాద కాదు గనుక విప్లవకారులు చేతులు కట్టుకుని నిలబడతారు. చివరికి రాజుకే సిగ్గేసి, కిరీటం తీసి జనం చేతిలో పెట్టి, ఒక వీడ్కోలు పద్యం పాడి గద్దె దిగిపోతాడు.

ఈ నాటకం చాలా ఏళ్ళు సొరుగులోనే పడి ఉంది. అందుకు కారణం కళకు సంబంధించింది కాదు, జనాభాకు సంబంధించింది. విప్లవం రావాలంటే ముందు జనం ఉండాలి కదా! అప్పట్లో విన్నిపెగ్‌లో ఉన్న తెలుగువాళ్ళందర్నీ పోగేస్తే ఒక సత్యనారాయణ వ్రతానికి నిండుగా ఉండేవారు తప్ప, రాజ్యాన్ని కూలదోయడానికి చాలేవారు కాదు. పైగా అందరూ సొంత ఇల్లూ, బ్యాంకు లోనూ ఉన్నవాళ్ళు. ఎవర్ని అడిగినా మంత్రి వేషమే కావాలనేవారు. రెండేళ్ళుగా ఆ కరువు తీరింది. కాలేజీల్లో చదువుకోవడానికి పిల్లలు విమానాల నిండా దిగారు. బస్సెక్కితే తెలుగు, కాఫీ కొట్టు కౌంటర్ వెనక తెలుగు, గోడౌన్ గేటు దగ్గర తెలుగు. ఒకరోజు బస్‌స్టాపులో పదిమంది కుర్రాళ్ళు చలికి వణుకుతూ, రాని బస్సు వైపు కోపంగా చూస్తూ నిలబడి ఉంటే, రాజగోపాల్ కారు పక్కకి తీసి ఆపి, "వీళ్ళే నా ప్రజలు!" అనుకున్నాడు.

రిహార్సల్స్ ఆయన ఇంటి బేస్‌మెంటులో. అయ్యాక భోజనం పైన, భార్య శాంత వడ్డనలో. మొదటి వారం గుప్పెడు మంది వచ్చారు. శాంత గోంగూర పచ్చడి సంగతి బయటికి పొక్కాక వారం వారం విప్లవానికి బలం పెరిగింది. నెల తిరిగేసరికి రాజు పక్షాన నిలబడటానికి ఒక్క సైనికుడు కూడా మిగల్లేదు. అందరూ తిరగబడేవాళ్ళే.

వాళ్ళకు నాయకుడు ప్రణీత్. జగిత్యాల వైపు కుర్రాడు, గొంతు కంచు, మనసు వెన్న. ఆ మనసుతోనే వచ్చింది తంటా. రాజు మెడ మీద కత్తి పెట్టి "దిగరా దుర్మార్గుడా" అనాలి. రెండు నెలలు రాజగోపాల్ బతిమాలాడు, కసిరాడు, కాళ్ళావేళ్ళా పడ్డంత పనిచేశాడు.

"దిగండి అంకుల్ దుర్మార్గుడా!" అనేవాడు ప్రణీత్.

"అంకుల్ ఏంటయ్యా? నిన్ను ఆకలితో మాడ్చిన రాజుని నేను."

"యాడ మాడ్చిన్రు అంకుల్? ఇప్పుడే గదా ఆంటీ నాకు మూడుసార్లు పప్పుచారు పోసిన్రు. ఆ చెయ్యి ఆరకముందే మిమ్మల్ని రా అంటె నాకు పుట్టగతులుంటయా?"

చివరికి రాజీ కుదిరింది. కత్తి మెడ మీద పెడతాడు, 'రా' మాత్రం అనడు.

ఇంత హడావిడికీ అసలు కారణం జనం దొరకడం ఒక్కటే కాదు. మృదుల. ఆయన ఒక్కగానొక్క కూతురు, టొరంటో దగ్గర వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అది ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు వాళ్ళ స్కూల్లో అన్ని దేశాల వాళ్ళూ తలా ఒక కళ చూపించే పండగ చేశారు. రాజగోపాల్ వెళ్ళి పద్యం పాడాడు. పాడితే పాడాడు, చివర రాగం తీశాడు. తీసినవాడు ఒక పట్టాన దించలేదు. వెనక వరసలో పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అదే రాగం తీయడం మొదలుపెట్టారు. తర్వాత వరండాలో మృదుల ఎర్రబడ్డ మొహంతో, "డాడ్, ప్లీజ్, ఇంకెప్పుడూ నా ముందు పాడకు" అని ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయింది.

రాజగోపాల్ ఆ మాట మనసులో పెట్టుకోలేదు, నెత్తిన పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి కూతురు ఇంట్లో ఉంటే స్నానాల గదిలో కూడా కూనిరాగం తీయలేదు. కూతురు బయటికెళ్ళాక అందుకున్న పాట, గరాజ్ తలుపు చప్పుడు వినగానే చరణం మధ్యలో తెగిపోయేది. అలా పన్నెండేళ్ళు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. లోపల ఎక్కడో ఒక చిన్న ముల్లు, అంతే.

ఈ చలికాలంలో ఆ పిల్లే ఫోన్ చేసి, "డాడ్, నువ్వు ఒపెరా వేస్తున్నావంట! అమ్మ చెప్పింది. ఐ యామ్ కమింగ్" అంది. మర్నాడు రాజగోపాల్ కూర్చుని, నాటకం చివర ఉన్న వీడ్కోలు పద్యం కొట్టేసి కొత్తది రాశాడు. ఎవరికీ చూపించలేదు, శాంతకి కూడా. రిహార్సల్లో ఆ చోటికి రాగానే "ఇక్కడ పద్యం ఉంటుంది" అని దాటేసేవాడు. ఆ నాలుగు పాదాలూ మృదుల చెవిన పడితే చాలు, మిగతా నాటకం ఎలా పోయినా ఆయనకు చింత లేదు.

ధైర్యం ఒక్కటే తక్కువ. కిందటి వారం రిహార్సల్ మధ్యలో మృదుల వీడియో కాల్ చేసింది. తెరమీద ఆ మొహం కనపడగానే గానపురి మహారాజు గొంతుకి తాళం పడింది. ప్రవేశ పద్యాన్ని వార్తలు చదివినట్టు చదివేసి, మంచినీళ్ళు అడిగాడు. శాంత చూసింది. అటు వైపు నుంచి మృదులా చూసింది.

శనివారం ప్లాను ప్రకారం ఒంటిగంట విమానంలో మృదుల టొరంటో నుంచి దిగాలి. కారున్న విద్యార్థిని భవిత వెళ్ళి తీసుకురావాలి. రెండున్నరకల్లా మొదటి వరసలో కూర్చోబెట్టాలి. ఆ బాధ్యతంతా శాంత తీసుకుంది. రెండుంపావుకు రాజగోపాల్ మీసం అంటించుకుంటూ ఉండగా ఫోన్‌కి భవిత మెసేజ్ వచ్చింది: 'అంకుల్, ఫ్లైట్ లేట్. నేను తీస్కొని వస్త. మీరు స్టార్ట్ చేసేయండి.'

సగం మీసంతో రాజగోపాల్ సంఘం అధ్యక్షుడు వెంకటేశ్వర రావు దగ్గరికి పరుగెత్తాడు. "ప్రెసిడెంటుగారూ, సరోజన గారి పిల్లల డ్యాన్సు ముందు పెట్టేద్దాం. మా నాటకం తర్వాత వేస్తాం."

"బాగుంది. ఆ పిల్లలకి ఇంకా జడలే వేస్తున్నారు. ఆరింటికి హాలు ఖాళీ చేసి తాళం ఇవ్వాలి. మీరెక్కండి మహాప్రభో సింహాసనం!" అని వెంకటేశ్వర రావు ఆయన్ని స్టేజీ వైపు మెల్లగా నెట్టాడు.

తెర లేచింది. పట్టుచీర కప్పిన సింహాసనం మీద కూర్చుని రాజగోపాల్ హాలంతా చూశాడు. మొదటి వరసలో మృదుల కుర్చీ ఖాళీ. ఆ ఖాళీ కుర్చీని చూడగానే బెంగ పట్టుకుంది, విచిత్రంగా గొంతు మాత్రం విచ్చుకుంది. ప్రవేశ పద్యం ఎత్తుకున్నాడు.

నేనె రాజు, నాకు నేనె మంత్రిని గూడ,
నాకు నేనె సైన్యనాయకుండ!
పాట పాడుచుండ పగవాడు వచ్చెనా,
పల్లవయిన దాక బయట నిలుచు!

చివర రాగం తీసి దించాడో లేదో, ముందు వరసలోంచి రామ్మోహన్ అనే పెద్దాయన లేచి, "వన్స్ మోర్!" అని కేకేశాడు. రామ్మోహన్ గారిది చిన్నప్పుడు పందిళ్ళ కింద నాటకాలు చూసి పెరిగిన ప్రాణం. ఆ నాటకాల్లో వన్స్ మోర్ పడిందంటే మళ్ళీ పాడి తీరాలి. రాయబారం మధ్యలో ఉన్నా సరే, అప్పుడే చచ్చిపోయిన పాత్ర అయినా సరే, లేచి దుమ్ము దులుపుకుని మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. కాదంటే ప్రేక్షకుల్ని అవమానించినట్టే.

రాజగోపాల్ మళ్ళీ పాడాడు. పాడుతూ ఉండగానే ఆయన బుర్రలో మెరుపు మెరిసింది. వన్స్ మోర్ పడితే పాడాలి. పాడుతున్నంతసేపూ విప్లవం బయటే ఆగాలి. విప్లవం ఆగితే చివరి పద్యమూ ఆగుతుంది. ఈలోపు విమానం దిగుతుంది!

రెండోసారి అవగానే రామ్మోహన్ వైపు ఆశగా చూశాడు. రామ్మోహన్ ఆ చూపు అర్థం చేసుకుని మళ్ళీ "వన్స్ మోర్!" అన్నాడు. కళాకారుడు అలా అడగ్గా కాదనడం ఆయన పెంపకంలో లేదు.

మూడోసారి కూడా అయ్యాక విప్లవం లోపలికొచ్చింది. ప్రణీత్, వెనక ముప్పై మంది, చేతుల్లో అట్టకత్తులు. స్టేజీ ఎక్కేముందు అందరూ అలవాటు కొద్దీ బూట్లు విప్పి, చేత్తో స్టేజీని తాకి కళ్ళకద్దుకుని మరీ వచ్చారు. అంత భక్తిగా వచ్చిన విప్లవాన్ని విన్నిపెగ్ ఎప్పుడూ చూసి ఉండదు. ప్రణీత్ కత్తి మెడ మీద పెట్టాడు.

రాజు పెదవి కదపకుండా, "భవిత ఫోన్ చేసిందా?" అన్నాడు.

"లేదంకుల్."

"అయితే వెళ్ళి మళ్ళీ రండి."

"ఏడికి పోవాలె?"

"అడవికెళ్ళి బలగం కూడగట్టుకుని రండి. మా అమ్మాయి రావాలయ్యా! చివరి పద్యం దాని కోసమే రాశాను. పన్నెండేళ్ళయింది దాని ముందు పాడి."

ప్రణీత్ ఒక్క క్షణం రాజు మొహంలోకి చూశాడు. "మా బాపు గూడ పాడుతడు అంకుల్, ఫోన్ల. నేనే, డ్యూటీ ఉన్నదని పెట్టేస్త" అన్నాడు చిన్నగా. తర్వాత జనం వైపు తిరిగి గొంతెత్తాడు. "రాజా! నీ అదృష్టం బాగుంది! బలగం సాల్లేదు! పొయ్యి మల్లొస్తం!"

హాలు నవ్వులతో ఊగిపోయింది. విప్లవం బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది. రాజు నాలుగోసారి పాడాడు.

విప్లవం రెండోసారి వచ్చింది, బూట్లు విప్పింది, కత్తి పెట్టింది, కబురు లేదంది, మళ్ళీ అడవికి వెళ్ళింది. మూడోసారి వచ్చేసరికి పాపం వాళ్ళ దగ్గర రాసిచ్చిన నినాదాలు అయిపోయాయి. ఉత్త నోళ్ళతో ఎంతసేపని తిరగబడతారు? వెనక నిలబడ్డ ఒకడు గుండెల్లోంచి వచ్చిన మాట అనేశాడు: "బస్సులు టైముకు రావాలె!"

"రావాలె!" అని హాల్లో సగం అదిరింది. ఆ సగం విద్యార్థులే.

"వారానికి రెండు షిఫ్టులన్నా ఇయ్యాలె!"

"ఇయ్యాలె!"

"బేస్‌మెంటుల హీటరు పెంచాలె!"

ఈ మాటకు పైకప్పు లేచిపోయింది. స్టేజీ పక్కన నిలబడ్డ వెంకటేశ్వర రావు మొహం మాత్రం మాడిపోయింది. ఆయన బేస్‌మెంటులో ఆరుగురు విద్యార్థులు అద్దెకుంటున్నారు. హీటరు మీట ఆయన పడగ్గదిలో ఉంటుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన వెంటనే తేల్చేసుకున్నాడు: ఈ నాటకం తనమీదే రాశారు! వచ్చే నెలలో సంఘం ఎన్నికలు. గద్దె, రాజు, దిగడం, ఇదంతా ఇంకెవరి గురించి? ఉక్రోషంతో వెళ్ళి మైకు తీగ పీకేశాడు.

అది చేసుండకూడదు. నినాదం మధ్యలో గొంతు నొక్కేయడం చూసి హాల్లో విద్యార్థులకు పౌరుషం పొడుచుకొచ్చింది. నాటకంలో వేషం లేనివాళ్ళు కూడా కుర్చీల్లోంచి లేచి, వాళ్ళూ బూట్లు విప్పి మరీ, స్టేజీ ఎక్కేశారు. రాజగోపాల్‌కి మైకు పోయిందన్న ధ్యాస కూడా లేదు. ఆయన కళ్ళు హాలు గుమ్మం మీదే ఉన్నాయి. గుమ్మంలో ఎవరూ లేరు. ఆరోసారి అందుకున్నాడు, ఈసారి నడుం బిగించి, చివరి వరస దాకా వినపడేలా.

అదే సమయంలో స్టేజీ వెనక అసలైన తిరుగుబాటు రాజుకుంది. కూచిపూడి టీచరు సరోజన దగ్గర పాతికమంది పిల్లలు గంట నుంచి పూర్తి అలంకరణతో గోడవారగా నిలబడి ఉన్నారు. ఒకదానికి కాటుక కారింది. ఒకదాని జడ ఊడింది. ఒకతి బాత్రూమ్‌కి వెళ్ళాలంది, ఆ మాట వినగానే అందరికీ వెళ్ళాలనిపించింది. తల్లులు పళ్ళు నూరుతున్నారు. పద్యం ఏడోసారి వినపడగానే సరోజన కొంగు బిగించింది. "పదండి, ఆయన దిగేదాకా మనకి దిక్కులేదు" అని పిల్లల్నీ తల్లుల్నీ వెంటేసుకుని, గజ్జెలు ఘల్లుఘల్లుమంటుండగా నేరుగా స్టేజీ మీదికే వచ్చేసింది.

హాలు లేచి చప్పట్లు కొట్టింది. "స్త్రీలు కూడా తిరగబడ్డారు! అద్భుతం!" అన్నాడు రామ్మోహన్ పక్కవాడితో.

సరోజన సింహాసనం ఎదుట నిలబడి, "రాజగోపాల్ గారూ! మర్యాదగా దిగుతారా, దింపమంటారా?" అంది. ప్రణీత్‌కి రెండు నెలల్లో అబ్బని స్వరం ఆవిడకు ఒక్క రిహార్సల్ లేకుండా వచ్చింది.

"ఒక్క పది నిమిషాలు సరోజన గారూ..."

"గంట నుంచి అదే పద్యం! పిల్లలకి నోటికొచ్చేసింది!"

నిజమే. వెనక నుంచి ఒక బుల్లి సత్యభామ "బయట నిలుచు" అని రాగం తీస్తోంది. ఒక తల్లి కోపంతో సింహాసనం మీది చీర కొంగు పట్టుకుంది. అప్పుడు జరిగింది అనుకోనిది. ప్రణీత్ అట్టకత్తి కింద పడేసి వచ్చి రాజు ముందు చేతులు చాపి నిలబడ్డాడు.

"ఆంటీ, మీకు దండం పెడ్త. అంకుల్ పాట అయ్యేదాక ఆయన్ని ఎవ్వలు ముట్టొద్దు."

ఆ వెనకే మిగతా విప్లవకారులందరూ వచ్చి సింహాసనం చుట్టూ చేయీ చేయీ పట్టుకుని గోడ కట్టారు. నెలలుగా ఒక్క సైనికుడు లేని గానపురి రాజుకు క్షణంలో నలభైమంది సైన్యం ఏర్పడింది. అందరూ కూలదోయడానికి వచ్చినవాళ్ళే. కాళ్ళకు బూట్లు కూడా లేవు. రాజగోపాల్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. ఎవరి పిల్లలో వీళ్ళు! ఎక్కడి జగిత్యాల, ఎక్కడి విన్నిపెగ్! తిన్న నాలుగు ముద్దలకు ఇంత విశ్వాసమా అనిపించింది. అదే క్షణంలో తన చాదస్తానికి ఇంతమందిని ఇరకాటంలో పెట్టానే అని సిగ్గూ వేసింది.

ఆ గోడను చీల్చుకుంటూ, చేతిలో గరిటెతో శాంత వచ్చింది. అప్పటిదాకా ఆవిడ హాలు వెనక వంటగదిలో భోజనాల ఏర్పాటు చూస్తోంది. వన్స్ మోర్లు వినపడుతుంటే, పోన్లే ఇన్నాళ్ళకు మా ఆయన పాట జనానికి నచ్చింది అని మురిసిపోతూ పులిహోర కలుపుతోంది. భవిత పరుగున వచ్చి సంగతి చెప్పాకే గరిటె దించడం కూడా మరిచి బయల్దేరింది.

"ఏవండీ, దిగండి."

"శాంతా, అమ్మాయి ఇంకా రాలేదే!"

"అమ్మాయి నిన్న సాయంత్రమే వచ్చింది."

రాజు సింహాసనం మీంచి సగం లేచాడు.

"భవిత రూములో పడుకుంది. ఇవాళ తెర లేవకముందే వచ్చి చివరి వరసలో కూర్చుంది. తను ఎదురుగా ఉందని తెలిస్తే మీ గొంతు పెగలదని, తనే దాక్కుంటానంది. ఫ్లైట్ లేటని మెసేజ్ పెట్టించింది నేను. నిశ్చింతగా పాడేసుకుంటారు కదా అనుకున్నా. మీరు దేశాన్నే ఆపేస్తారని నాకేం తెలుసు?"

హాలంతా వెనక్కి తిరిగింది. చివరి వరసలో, కనుబొమ్మల దాకా టోపీ లాక్కున్న లావుపాటి చలికోటు ఒకటి మెల్లగా లేచి నిలబడింది. టోపీ వెనక్కి పడింది. మృదుల.

ఇక చేయాల్సిందల్లా ఒక్కటే. కిరీటం తీసి, ఆ నాలుగు పాదాలూ పాడాలి. రాజగోపాల్ కిరీటం తీశాడు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గొంతులో మళ్ళీ తాళం. సరోజన బిగించిన కొంగు వదిలేసింది. పిల్లల గజ్జెలు కూడా ఆగిపోయాయి. ప్రణీత్ వెనక్కి తిరిగి, "అనుండ్రి అంకుల్, ఏం గాదు" అని గుసగుసగా అన్నాడు. రాజగోపాల్ తల అడ్డంగా ఊపాడు. నలభైమంది సైన్యం ఉన్న ఆ రాజు, చివరి వరసలో ఉన్న ఒక్క పిల్లకు భయపడుతున్నాడు.

అప్పుడు చివరి వరసలోంచి ఒక గొంతు, కాస్త వణుకుతూ, కాస్త గట్టిగా, "వన్స్ మోర్!" అంది.

గంట నుంచి చూస్తూ ఆ పిల్ల నేర్చుకున్న నాటక మర్యాద అది. ఒక్కసారి కూడా పాడని పద్యానికి వన్స్ మోర్ అడగకూడదని దానికి ఎవరూ చెప్పలేదు. కానీ వన్స్ మోర్ పడ్డాక పాడి తీరాలని రాజగోపాల్‌కి తెలుసు. కళ్ళు మూసుకోలేదు. తిన్నగా కూతురి వైపే చూస్తూ ఎత్తుకున్నాడు.

గద్దె పోయెననుచు కంట నీరొల్కదు,
కోట పోయెననుచు కోపమేల?
నాడు కోడు పట్టి నడక నేర్చిన పాప
నేడు విన్న చాలు, నిండు మనసు.

చివర రాగం తీయలేదు. తీయాలనిపించలేదు. రామ్మోహన్ ఈసారి కేక వేయలేదు, కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. రాజగోపాల్ కిరీటాన్ని ప్రణీత్ చేతిలో పెట్టాడు. ప్రణీత్ దాన్ని కళ్ళకద్దుకుని, "మాకేం తెలుసు ఏలుడు? తిండి పెట్టెటోళ్ళదే రాజ్యం" అని తీసుకెళ్ళి శాంత తల మీద పెట్టాడు. గానపురిలో ప్రభుత్వం అలా మారింది. ఒక్క చుక్క రక్తం చిందలేదు. పులిహోర మాత్రం గరిటె మీంచి కొద్దిగా చిందింది.

మృదుల స్టేజీ మీదికి వచ్చింది. బూట్లు విప్పిన ఆ గుట్టను చూసి తనూ విప్పి వచ్చింది. "డాడ్, మోస్ట్లీ అర్థమైంది. కోడు అంటే?"

రాజగోపాల్ వంగి, సింహాసనం మీది పట్టుచీర పైకి లాగాడు. లోపల పాత చెక్క కుర్చీ. ఈ దేశం వచ్చిన కొత్తలో కొన్న భోజనాల బల్ల తాలూకు కుర్చీ. ఆ కుర్చీ కాలు చేత్తో తట్టి, "ఇదీ కోడు. ఇది పట్టుకునే నువ్వు మొదటిసారి లేచి నిలబడ్డావు" అన్నాడు. మృదుల దాని ముందు గొంతుక్కూర్చుని, వేలితో ఆ చెక్కను తడిమింది.

లేచాక, "ఇంత బాగా పాడతావు కదా, ఇంట్లో ఎప్పుడూ పాడవేం?" అంది.

"నువ్వేగా వద్దన్నావు."

"నేనా? వెన్?"

"ఎనిమిదో క్లాసులో. మీ స్కూల్ వరండాలో."

మృదుల కనుబొమ్మలు ముడిచి ఆలోచించింది. నిజాయితీగానే ఆలోచించింది. "డాడ్, ఐ డోంట్ ఈవెన్ రిమెంబర్ దట్. ఎనిమిదో క్లాసా? అప్పుడు నేను అమ్మని కూడా స్కూల్ దగ్గర కారు దిగొద్దన్నాను!" అంది. తర్వాత ఆయన మొహం చూసి ఏదో అర్థమై, వచ్చి మీసం ఊడిపోయేంత గట్టిగా పట్టుకుంది.

పన్నెండేళ్ళు తను తలదాల్చిన ఆజ్ఞ, ఇచ్చినవాళ్ళకే జ్ఞాపకం లేదు! రాజగోపాల్‌కి నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేల్చుకోలేక రెండూ ఒకేసారి వచ్చాయి.

సరోజన పిల్లలు ఆ తర్వాత ఎనిమిది నిమిషాల్లో మొత్తం నాట్యం ముగించారు. వెంకటేశ్వర రావు ఎవరూ అడక్కుండానే మైకు తీగ మళ్ళీ తగిలించి, హీటరు పెంచుతానని ప్రకటించి, అన్ని చప్పట్లు ఎందుకు పడ్డాయో తెలియక అయోమయంగా దిగాడు. ప్రణీత్ హాలు బయట మంచులో నిలబడి, ఫోన్ చెవికి పెట్టుకుని, "పాడు బాపు, నాకియ్యాల డ్యూటీ లేదు" అంటున్నాడు.

భోజనాల దగ్గర రాజూ, ప్రజలూ, బుల్లి సత్యభామలూ అందరూ ఒకే వరసలో నిలబడ్డారు. కొత్త మహారాణి అందరికీ సమానంగానే వడ్డించింది. రాజగోపాల్ వంతు వచ్చేసరికి పులిహోర అయిపోయింది.